డాన్యూబ్ క్రూజ్ అపోహలు - వాస్తవాలు: క్యాబిన్ సంగతి సరే, ఒడ్డు సంగతేంటి?

నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "అబ్బాయి అమెరికా నుంచి బుక్ చేశాడండీ. క్యాబిన్ పెద్దదేనా? బాల్కనీ ఉంటుందా?" ఆస్ట్రియాలోని మెల్క్‌ ఊళ్లో ఎంతసేపు ఆగుతుంది, వియన్నాలో షిప్ ఎక్కడ కడతారు అని మొదటి ఫోన్లో అడిగినవాళ్లు నాకు గుర్తున్నంతలో ఒక్కరూ లేరు.

టూర్ మేనేజర్‌గా పదకొండు సీజన్ల నుంచి తెలుగు గ్రూపులతో యూరప్‌లోని డాన్యూబ్ నది మీద తిరుగుతున్నాను. ఎక్కువగా జర్మనీలోని పస్సావ్ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ దాకా. పస్సావ్‌లో రైలెక్కితే సుమారు ఐదు గంటల్లో బుడాపెస్ట్ చేరొచ్చు. షిప్ ఆ దూరానికే వారం తీసుకుంటుంది. ఆ వారం ఖరీదంతా మధ్యలో ఆగే ఊళ్లదే. మనవాళ్లు నష్టపోయేదీ అక్కడే, అదీ ఎక్కువగా ముందే మనసులో పెట్టుకొచ్చిన కొన్ని నమ్మకాల వల్ల.

అపోహ: సముద్రం క్రూజ్ లాంటిదే, కాస్త చిన్నది.

పోలికే లేదు. ఈ షిప్‌లు దాదాపు అన్నీ పొడవు 135 మీటర్లు, వెడల్పు 11.4 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. కారణం లాకులు, అంటే నీటి మట్టం పెంచీ తగ్గించీ షిప్‌లని దాటించే గేట్ల తొట్లు. కోనసీమ వాళ్లకి, బెజవాడ కాలువల పక్కన పెరిగినవాళ్లకి లాకు అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. రైన్ నదినీ డాన్యూబ్‌నీ కలుపుతూ 1992లో పూర్తయిన రైన్-మైన్-డాన్యూబ్ కాలువలో లాకుల వెడల్పు 12 మీటర్లే. షిప్‌కీ గోడకీ మధ్య అటూ ఇటూ జానెడు సందు మిగులుతుంది. రాత్రిపూట ఒక్కోసారి కిటికీ తెర తీస్తే చేతికందే దూరంలో తడి కాంక్రీటు గోడ కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు షిప్ దేనికో గుద్దుకుందని రిసెప్షన్‌కి పరిగెత్తడం మామూలే. వంతెనలు మరీ కిందికి ఉన్నచోట కెప్టెన్ గదినే కిందికి దించేస్తారు, పైడెక్ రెయిలింగ్ మడిచేస్తారు.

కాబట్టి క్యాసినో ఉండదు, పెద్ద థియేటర్ ఉండదు. నూట యాభై నుంచి నూట తొంభై మంది, ఒక భోజనాల హాలు, ఒక లాంజ్, పైన డెక్. అలలు లేవు కాబట్టి వాంతుల భయం దాదాపు ఉండదు. "షిప్‌లోనే ఉండి రెస్ట్ తీసుకుంటాం" అనుకునేవాళ్లకి రెండో రోజు సాయంత్రానికే బోర్ కొడుతుంది.

అపోహ: బాల్కనీ క్యాబిన్ తీసుకుంటే రోజంతా నది చూస్తూ కూర్చోవచ్చు.

రేవుల్లో చోటు తక్కువ. అందుకే షిప్‌లని ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు, ఒక్కోసారి మూడేసి. అప్పుడు మీ బాల్కనీలోంచి కనిపించేది పక్క షిప్ క్యాబిన్, అందులో పైజమాలో కాఫీ తాగుతున్న ఒక పెద్దమనిషి. తెర వేసుకోవాల్సిందే. ఆ బాల్కనీ కూడా చాలా షిప్‌లలో నేల దాకా ఉన్న అద్దం తలుపు, దానికి అడ్డంగా ఒక రెయిలింగ్, అంతే. కుర్చీ పట్టదు. నది చూడాలంటే పైడెక్కే. అక్కడ అందరికీ ఒకటే టికెట్.

అపోహ: షిప్ దిగితే ఊరి నడిబొడ్డులో ఉంటాం.

సగం నిజం. సగం నిజాలతోనే చిక్కంతా.

స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో నిజం. రేవు నుంచి పాత ఊరికి పది నిమిషాల నడక. అక్కడ బస్సు టూర్ కొన్నవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పస్సావ్‌లో కూడా చాలా షిప్‌లు పాత ఊరి ఒడ్డునే ఆగుతాయి. బుడాపెస్ట్ సరేసరి, వంతెనల మధ్యనే కడతారు.

వియన్నాలో అలా కాదు. వరదల బాధ పడలేక 1870లలో డాన్యూబ్‌ని ఊరికి అవతలగా కొత్త దారిలో తిప్పేశారు. ఇప్పటికీ షిప్‌లు ఎక్కువగా రైష్‌బ్రూకె వంతెన దగ్గర ఆగుతాయి. దిగి చూస్తే ఎత్తైన అపార్ట్‌మెంట్లు, పెద్ద రోడ్డు. "ఇదా వియన్నా?" అని మొహాలు చూసుకుంటారు. నాలుగు అడుగులు వేస్తే ఫోర్‌గార్టెన్‌స్ట్రాసె అని మెట్రో స్టేషన్. ఎర్ర రంగు యూ1 లైన్ ఎక్కితే నాలుగో స్టాప్ స్టెఫాన్స్‌ప్లాట్జ్. మెట్లెక్కి పైకి వస్తే ఎదురుగా స్టీఫెన్స్ కెథెడ్రల్. పది నిమిషాల ఈ దారికి షిప్ బస్సు కోసం అరగంట కూర్చునేవాళ్లున్నారు. టికెట్ కొన్నాక లోపలికి వెళ్లే దారిలోని మెషీన్‌లో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా కట్టాల్సిందే.

ఒక సీజన్లో మా గ్రూపులో రిటైరైన దంపతులు వియన్నాలో టాక్సీ ఎక్కి "షిప్ దగ్గరికి" అన్నారట. ఏ షిప్, ఏ రేవు అంటే వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ నగరంలో షిప్‌లు ఆగే చోట్లు ఒకటి కన్నా ఎక్కువ. చివరికి ఆంటీగారి హ్యాండ్‌బ్యాగులో రాత్రి క్యాబిన్లో పెట్టిన ప్రోగ్రామ్ కాగితం దొరికి గండం గట్టెక్కింది. ఆ కాగితం మీద రేవు పేరు, షిప్ ఫోన్ నంబరు, తిరిగి ఎక్కాల్సిన టైమ్ అన్నీ ఉంటాయి. అప్పట్నుంచి మా గ్రూపులో రూల్: దిగే ముందు ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకోవాలి. తీశారో లేదో షిప్ దిగే దారి దగ్గర నిలబడి నేనే చూస్తాను, స్కూల్ మాస్టారులా.

అపోహ: నలుగురు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది.

ఆగదు. ముందున్న లాకు దగ్గర దాని వంతు ఉంటుంది, రేవులో దాని చోటు కోసం ఇంకో షిప్ కాచుకుని ఉంటుంది. మన శుభలేఖలో ముహూర్తం లాంటిది కాదు ఆ టైమ్. అయితే నదిలో ఒక వెసులుబాటుంది: రైలు షిప్ కన్నా చాలా ఫాస్ట్. వియన్నాలో తప్పిపోతే గంట ప్రయాణంలో బ్రాటిస్లావాలో అందుకోవచ్చు. కార్డు, ఫోను, పాస్‌పోర్ట్ కాపీ ఒంటి మీద ఉంటే చాలు. అసలు పాస్‌పోర్టులు చాలా షిప్‌లలో రిసెప్షన్ వాళ్ల దగ్గరే ఉంటాయి, కాబట్టి కాపీ మాట తేలిగ్గా తీసుకోవద్దు.

అపోహ: టూర్ టికెట్‌లోనే ఉంది కాబట్టి చివరిదాకా గైడ్ వెంటే తిరగాలి.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

షిప్ వాళ్లిచ్చే నడక టూర్ అందరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా. మొదటి గంట బాగుంటుంది. చెవిలో పెట్టుకునే రిసీవర్ ఇస్తారు, గైడ్ ఊరి చరిత్ర చెబుతారు. తర్వాత ఫొటోలు, బాత్రూమ్ కోసం క్యూ, సావనీర్ షాపు. నేను మావాళ్లకి చెప్పేది ఒకటే: మొదటి గంట వినండి, గైడ్‌కి చెప్పి విడిపోండి, రిసీవర్ తిరిగిచ్చేయండి. చెప్పకుండా మాయమైతే తలలు లెక్కపెట్టుకోలేక పాపం ఆవిడ బీపీ పెరుగుతుంది.

విడిపోయి ఏం చేయాలి? ఆ ఊరికి మాత్రమే ఉన్నదొకటి పట్టుకోవాలి. పస్సావ్‌లో నేనైతే పాత ఊరి కొసకి నడుస్తాను. అక్కడ మూడు నదులు కలుస్తాయి: డాన్యూబ్, ఆల్ప్స్ మంచు నీళ్లు తెచ్చే ఇన్, నల్లగా కనిపించే చిన్న నది ఇల్జ్. మూడు రంగులు కాసేపు కలవకుండా పక్కపక్కనే పారతాయి. త్రివేణి సంగమం అని మావాళ్లు చెప్పుల్లోంచి కాళ్లు తీసి నీళ్లు తల మీద చల్లుకుంటారు. చుట్టూ ఉన్న జర్మన్లు వింతగా చూస్తారు. ఎవరి భక్తి వాళ్లది.

చాలా కంపెనీలు పస్సావ్ నుంచో ఆస్ట్రియాలోని లింజ్ నుంచో సాల్జ్‌బర్గ్‌కి రోజంతా టూర్ అమ్ముతాయి. ఊరు గొప్పదే. కానీ రానూపోనూ మూడు నాలుగు గంటలు బస్సులోనే గడిచిపోతాయి. రైళ్లో విడిగా వెళ్లే వీలుంటే క్రూజ్ అయ్యాక ఒక రాత్రి అక్కడే ఉండండి.

మెల్క్‌లో కొండ మీది మఠం తప్పదు, తప్పించుకోకూడదు కూడా. 1089 నుంచి బెనెడిక్టీన్ సన్యాసులు అక్కడే ఉంటున్నారు. ఇప్పుడు కనిపించే పసుపు రంగు భవనం 1700ల మొదటి సగంలో కట్టింది. లైబ్రరీ చూశాక బస్సు ఎక్కకుండా కిందికి నడిచి రండి. ఊరు చూడటం, రేవు చేరడం రెండూ ఒకే నడకలో అయిపోతాయి.

అక్కడి నుంచి క్రెమ్స్ దాకా ముప్ఫై ఆరు కిలోమీటర్లు వాఖావ్ లోయ, 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు, ఆప్రికాట్ తోటలు, కొండ మీద కోటల శిథిలాలు. సరిగ్గా ఈ రెండు గంటలే మావాళ్లు భోజనం చేసి కునుకు తీస్తారు! బతిమాలి డెక్ మీదికి లాక్కొస్తాను. డ్యూర్న్‌స్టైన్ దగ్గర కొండపైన ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192 చివర్లో బంధించిన కోట ఉంది. ఎక్కడానికి నిటారు దారి, మోకాళ్లు సహకరిస్తేనే. లేకపోతే కింద ఏదో ఒక కొట్లో ఆప్రికాట్ జామ్ కొనుక్కోండి.

బుడాపెస్ట్‌లో డబ్బులు పెట్టి సిటీ టూర్ బస్సు ఎక్కే ముందు రెండో నంబరు ట్రామ్ ఎక్కండి. పెస్ట్ వైపు నది పక్కనే వెళుతుంది. పార్లమెంటు, చెయిన్ బ్రిడ్జ్, ఎదుటి ఒడ్డున బుడా కోట అన్నీ మామూలు ట్రామ్ టికెట్‌కే.

అపోహ: ఏ రోజు దిగినా షాపులు తెరిచే ఉంటాయి.

ఆదివారం జర్మనీలో, ఆస్ట్రియాలో షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు.  ఆగస్టు 15 మనకి స్వాతంత్ర్య దినం, ఆస్ట్రియాకి మేరీ మాత పండుగ సెలవు. షిప్ ఏ ఊళ్లో ఏ వారం ఆగుతుందో ముందే క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. డబ్బు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను: హంగరీలో యూరో కాదు, ఫోరింట్. చివరి రెండు రోజుల కోసం నోట్ల కట్టలు మార్చుకోవద్దు, కార్డు చాలు. వియన్నాలో నీళ్ల సీసాలు కొనొద్దు. 1873 నుంచి ఆ ఊరి కుళాయిల్లో వస్తున్నది కొండల ఊట నీరు.

అపోహ: నది కదా, నీళ్ల సమస్యేముంటుంది?

అసలు టెన్షన్ ఇదే. నీళ్లు తగ్గితే షిప్ అడుగు తగులుతుంది, పెరిగితే వంతెన కింద దూరదు. 2018, 2022 వేసవుల్లో రైన్ ఎండి షిప్‌లకి చుక్కలు చూపించింది. డాన్యూబ్‌లో జర్మనీలోని స్ట్రాబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా ఆనకట్ట లేని ముక్క ఒకటుంది, నీళ్లు తగ్గితే ముందు ఇబ్బంది అక్కడే. అందుకే ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చేవాళ్లకి రేగెన్స్‌బర్గ్ వైపు నుంచి కాకుండా పస్సావ్‌లో ఎక్కే రూట్ చూసుకోమంటాను. వరద వైపు చూస్తే, పస్సావ్ టౌన్‌హాల్ గోడ మీద ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీతలున్నాయి. 2013 జూన్‌లో 12.89 మీటర్లు, 1501 తర్వాత అంత వరద రాలేదు. 2024 సెప్టెంబరులో కూడా షిప్‌లు కదల్లేక నిలిచిపోయాయి.

అలాంటప్పుడు కంపెనీలు బస్సులో తీసుకెళ్లి అవతల ఉన్న ఇంకో షిప్ ఎక్కిస్తాయి, లేదా షిప్‌ని హోటల్‌లా ఒకచోట కట్టేసి బస్సుల్లో తిప్పుతాయి. రూట్ మార్చే హక్కు వాళ్లకుందని బుకింగ్ షరతుల్లో ఉంటుంది. చదివి సంతకం పెట్టండి.

అపోహ: నడక ఉండదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకి ఇదే బెస్ట్.

పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. పెట్టె రోజూ సర్దక్కర్లేదన్నది నిజం. కానీ పాత ఊళ్లన్నీ రాళ్లు పరిచిన వీధులే. షిప్‌లు పక్కపక్కన కట్టినప్పుడు పైడెక్ దాకా ఎక్కి పక్క షిప్ మీదుగా దాటాల్సి రావచ్చు. చాలా షిప్‌లలో లిఫ్ట్ పైడెక్ దాకా వెళ్లదు, అడుగు అంతస్తుకీ వెళ్లదు. బుక్ చేసే ముందు అడగాల్సింది బాల్కనీ గురించి కాదు బాబూ, లిఫ్ట్ ఏ డెక్ దాకా వెళుతుందని. నడక నెమ్మదిగా ఉండేవాళ్లకి విడిగా గ్రూపు పెడతారు చాలా చోట్ల. మొదటిరోజే పేరు ఇవ్వండి, మొహమాటపడొద్దు.

అపోహ: జర్మనీలో ఎక్కుతున్నాం కాబట్టి జర్మనీ వీసా.

ఎక్కే చోటు కాదు, ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికి అప్లై చేయాలి. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం. పస్సావ్ - బుడాపెస్ట్ రూట్‌లో చాలాసార్లు లెక్క ఆస్ట్రియా వైపు తేలుతుంది. ఏ రాత్రి ఏ దేశంలో అన్న లిస్టు కంపెనీని అడిగి తీసుకోండి. క్రూజ్ బెల్‌గ్రేడ్ దాకా వెళుతుంటే ఇంకో చిక్కు: ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో సెర్బియా లేదు. బయటికెళ్లి మళ్లీ లోపలికి రావాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, సెర్బియా నిబంధనలు విడిగా చూసుకోవాలి.

అపోహ: శాకాహారులు పస్తుండాలి.

ఉండక్కర్లేదు. నెల ముందు రాసి చెబితే వండి పెడతారు. సూప్ మాత్రం మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో ప్రతిసారీ అడగండి. కందిపొడి, ఆవకాయ తెచ్చుకోండి, నాకూ కాస్త పెట్టండి. నాటుకోడి పచ్చడి, గోంగూర మటన్, ఇంటి నెయ్యి మాత్రం ఇంట్లోనే వదిలి రండి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో చెత్తబుట్ట పాలవుతాయి. మ్యూనిక్‌లో ఒక అత్తయ్యగారు తన కోడిపచ్చడి సీసా బుట్టలో పడుతుంటే చూసిన చూపు నాకింకా గుర్తే.