ముక్కు దారి పైకి కాదు, వెనక్కి

మా మేనల్లుడు బండి మీద నుంచి పడి కింది దవడ విరగ్గొట్టుకుంటే నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చారు. ఆపరేషన్ ముందురోజు మత్తు డాక్టరమ్మ "ఊపిరి గొట్టం ముక్కులోంచి వేస్తామండీ" అనగానే మా అక్క హడలిపోయింది. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలిశాయో లేదో సర్జన్ వాడి నోరు మూసి చూసుకోవాలి కదా, నోట్లో గొట్టముంటే ఎలా?

డాక్టరమ్మది చిత్తూరు. తెలుగువాళ్లమనేమో, ఓపిగ్గా రెండు గొట్టాలు తెచ్చి చూపించారు.

మొదటిది మామూలు పీవీసీది. కొసన కలం పాళీలా ఏటవాలు కోత. ఆ కోత ఎడమవైపుకు తెరుచుకుంటుంది, అందుకని మొన కుడి అంచున నిలబడుతుంది. వేలితో తడిమాను. గుచ్చుకోదు గానీ గీసుకుంటుంది. ముక్కు లోపలి దారేమో మనం అనుకున్నట్టు పైకి పోదు, అంగిలి మీదుగా తిన్నగా వెనక్కి పోతుంది. పక్కగోడ నుంచి చుట్టలు తిరిగిన ఎముకలు వేలాడుతుంటాయి. అట్టడుగు దాని కిందుగా పోతే క్షేమం. దాని పైనుంచి దూరిందా, మధ్య ఎముకకు దెబ్బ తగిలి రక్తం బాగా కారొచ్చు. ఆపైన గొంతు వెనకగోడ దగ్గర దాదాపు లంబకోణంలో మలుపు. అక్కడ తట్టుకున్న మొనను బలవంతాన తోస్తే పొర కిందికే దూరిపోగలదు.

రెండోది పార్కర్ గొట్టం. మొన మధ్యలోకి వచ్చి, చిలక ముక్కులా వంగి, మెత్తగా ఉంది. గోడకు తగిలితే జారిపోతుంది. ఖరీదు ఎక్కువ.

నుదుటి మీదికి పోయేలా ముందే వంచిన గొట్టాలూ ఉన్నాయి. 1975లో రింగ్, అడేర్, ఎల్విన్ అనే ముగ్గురూ కలిసి చిన్నపిల్లల కోసం తెచ్చిన నమూనా, వాళ్ల పేర్ల మొదటి ఇంగ్లిష్ అక్షరాలతోనే RAE అని చలామణీలో ఉంది. నన్నడిగితే ఆ వంపు సర్జన్ సౌకర్యానికే, ముక్కుకు ఒరిగేదేమీ లేదు. పైగా వంపు ఎక్కడుండాలో ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది, ముక్కు నుంచి గొంతు దాకా పొడవేమో మనిషి మనిషికీ వేరు.

చివరికి వాడింది మామూలు గొట్టమే, 6.5 సైజు. పీవీసీ వేడికి మెత్తబడుతుంది కాబట్టి వెచ్చటి సెలైన్లో కాసేపు నానబెట్టారట. మరీ మెత్తబడితే మలుపు దగ్గర మడత పడుతుంది, అదో టెన్షన్. అంతకుముందే వాడి చేత ఒక్కో రంధ్రం మూయించి, గాలి బాగా ఆడేవైపు ఎంచుకుని, రక్తనాళాలు ముడుచుకునే చుక్కలు వేశారు.

మర్నాడు ముక్కు దగ్గరి దూది మీద ఎర్రటి మరక ఒకటి కనబడింది, కందిగింజంత.