లాయర్ల గురించి కోర్టు ఆవరణలో వినే మాటలు: ఏది అపోహ, ఏది వాస్తవం

జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే మాకు కేసుల గురించి ఎన్ని సందేహాలు వస్తాయో, లాయర్ల గురించీ అన్నే వస్తాయి. కాకపోతే ఈ రెండో రకం ప్రశ్నలు గొంతు తగ్గించి అడుగుతారు. ప్లీడరు గారికి తెలిస్తే కోపం వస్తుందేమో, కేసు పాడుచేస్తారేమో అని టెన్షన్. 1961 నాటి న్యాయవాదుల చట్టం, దాని కింద బార్ కౌన్సిల్ పెట్టిన నియమాలు లాయర్ల సొంత గొడవ అని జనం అనుకుంటారు. నిజానికి వాటిలో కొన్ని పార్టీకి, అంటే కక్షిదారుకు, లాయరు లేకుండా పోకూడదని రాసినవే.

అపోహ: ఫీజు బాకీ తీర్చేదాకా లాయరు కేసు కట్ట ఆపుకోవచ్చు.

వాస్తవం: ఆపుకోకూడదు. ఒక సహకార బ్యాంకు తన న్యాయ సలహాదారును తప్పించి కాగితాలు అడిగితే, నాకు 97 వేల పైచిలుకు రావాలి, అప్పటిదాకా ఇవ్వనన్నాడాయన. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆర్.డి. సక్సేనా కేసుగా పేరుపడిన ఆ 2000 నాటి తీర్పు ప్రకారం, ఫీజు కోసం పార్టీ కాగితాలు పట్టుకు కూర్చునే హక్కు న్యాయవాదికి లేదు. అలా చేస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. బాకీ నిజమైతే దావా వేసి వసూలు చేసుకోవాలి. కట్ట చేతికి రాకపోతే కొత్త లాయరు ఏం చూసి వాదిస్తాడు?

లాయరును మార్చుకోవడానికి పాత లాయరు ‘నో అబ్జెక్షన్’ ఇస్తే పని సులువు. ఇవ్వకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. సివిల్ కేసుల్లో కోర్టు అనుమతితో వకాల్తా రద్దు చేసుకునే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లోనే ఉంది. అలాగే వకాల్తా తీసుకున్న లాయరు సరైన కారణం, తగినంత ముందస్తు నోటీసు లేకుండా మధ్యలో వదిలేయకూడదు. వదిలేస్తే, చేయని పనికి తీసుకున్న ఫీజు వెనక్కి ఇవ్వాలి. చట్టంతో పనిలేని నా సలహా ఒకటి: అసలు దస్తావేజులు ఎవరికిచ్చినా, ఏమేం ఇచ్చారో రాయించి సంతకం తీసుకోండి. దీనికి మొహమాటపడితే తర్వాత బాధపడేది మీరే.

అపోహ: లాయరు మీద ఫిర్యాదు బార్ అసోసియేషన్‌లో ఇవ్వాలి. అక్కడంతా వాళ్ల మనుషులే.

వాస్తవం: అసోసియేషన్ వేరు, కౌన్సిల్ వేరు. అసోసియేషన్ ఆ కోర్టు లాయర్ల సంఘం. లైసెన్సు విషయంలో దానికి అధికారం లేదు. పేరు నమోదు చేసేదీ, తప్పు రుజువైతే మందలించేదీ, కొంతకాలం సస్పెండ్ చేసేదీ, జాబితా నుంచి పూర్తిగా తీసేసేదీ రాష్ట్ర బార్ కౌన్సిలే. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి ఉన్నాయి.

ఫిర్యాదు విచారించే కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీలో ఉండే ముగ్గురూ న్యాయవాదులే కాబట్టి జనం అనుమానంలో అర్థం లేదనను. ఒక్క బయటి సభ్యుడున్నా బాగుండునని నాకూ అనిపిస్తుంది. కానీ కమిటీ నిర్ణయంతోనే అంతా అయిపోదు. 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నుంచి మళ్లీ 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. రాష్ట్ర కమిటీ ఏడాదిలో తేల్చకపోతే విచారణ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలని చట్టం చెబుతోంది. ఫిర్యాదుదారుడితో రాజీ చేసుకున్నంత మాత్రాన విచారణ ఆగదన్న సంగతి కొందరు లాయర్లకే గుర్తుండదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామంటే మాత్రం కుదరదు. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: ఫలానా నిందితుడి తరఫున వాదించొద్దని బార్ అసోసియేషన్ తీర్మానిస్తే ఇక అతనికి లాయరు దొరకడు.

వాస్తవం: ఇలాంటి తీర్మానాలు చెల్లవు. కోయంబత్తూరులో లాయర్లకు, పోలీసులకు గొడవ జరిగాక, నిందితులైన పోలీసుల తరఫున ఎవరూ వాదించకూడదని అక్కడి బార్ తీర్మానించింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి, ఎక్కడ చేసినా ఈ తరహా తీర్మానాలు చెల్లవని చెప్పింది. ఘోరమైన నేరం జరిగిన ప్రతిసారీ ఆవేశంలో ఈ డిమాండ్ మళ్లీ వస్తుంది. లాయరు తాను ప్రాక్టీసు చేసే కోర్టులో, తన స్థాయికి తగ్గ ఫీజు ఇస్తే కేసు తీసుకోవాలన్నదే నియమం. ప్రత్యేక కారణాలుంటే ఒక లాయరు కాదనవచ్చు. ఊరంతా కూడబలుక్కుని కాదనడం వేరు. సమ్మెల మాటకొస్తే, లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002లోనే తీర్పు వచ్చింది. అయినా ‘విధుల బహిష్కరణ’ పేరుతో వాయిదాలు పడుతూనే ఉన్నాయి.

అపోహ: యాక్సిడెంట్ కేసుల్లో వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడం మామూలే.

వాస్తవం: మామూలే కావచ్చు, నిషిద్ధం కూడా. ఫలితాన్ని బట్టి ఫీజు గానీ, వచ్చిన సొమ్ములో వాటా గానీ మాట్లాడుకోకూడదు.

అపోహ: ఉచిత లాయరు కటిక పేదలకే.

వాస్తవం: మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా అర్హులు. అంటే ఉద్యోగం చేసే మహిళకూ ఈ హక్కుంది. ఈ మాట చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

ఉచితంగా వచ్చే లాయరు సరిగ్గా చూడడన్న భయం పూర్తిగా తప్పని నేననను. న్యాయ సేవా సంస్థ జాబితాలో ఉండే ప్యానెల్ లాయర్లకిచ్చే ఫీజు తక్కువ, దాని ప్రభావం కొందరి పనిలో కనిపిస్తుంది. ఆ లోటు తీర్చడానికే క్రిమినల్ కేసులకు ప్రైవేటు కేసులు తీసుకోని పూర్తికాల డిఫెన్స్ లాయర్లను 2022 నుంచి జిల్లాల్లో పెడుతున్నారు. న్యాయ సేవా సంస్థ కేటాయించిన లాయరు ఖర్చులకంటూ మిమ్మల్ని డబ్బు అడిగితే ఇవ్వకండి, సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి, వేరే లాయరును ఇమ్మని అడగండి. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, మండల కమిటీలో గానీ ఇవ్వొచ్చు. జైలు నుంచైతే అధికారుల ద్వారా పంపొచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి.