వ్యాపారంలో అప్పు గురించి నోరు విప్పడం: అపోహలు - వాస్తవాలు

చిన్న, మధ్యతరహా వ్యాపారుల పద్దులు చూడడం, బ్యాంకు కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి. రైసు మిల్లు కావచ్చు, ఆటోనగర్‌లో లేతు షెడ్డు కావచ్చు, మందుల హోల్‌సేలు కావచ్చు, కష్టంలో ఉన్న యజమాని మొదటిసారి వచ్చినప్పుడు తన అప్పులన్నీ ఒకేసారి చెప్పడు. బ్యాంకులో ఉన్న క్యాష్ క్రెడిట్ (పరిమితి మేరకు వాడుకునే అప్పు), యంత్రాల మీది టర్మ్ లోన్ వెంటనే చెబుతాడు. సరుకు ఇచ్చినవారి బాకీని కొంత తగ్గించి చెబుతాడు. ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి, పాట పాడి ఎత్తుకున్న చిట్టీకి ఇంకా కట్టవలసిన వాయిదాలు, తాకట్టులో ఉన్న భార్య నగలు మాత్రం మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో గాని బయటికి రావు. తీరా చూస్తే మనిషికి ఊపిరాడకుండా చేస్తున్నవి అవే అయి ఉంటాయి, ఎందుకంటే నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఈ దాపరికం వెనుక నాకు తరచుగా ఎదురయ్యే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అప్పుల్లో ఉన్నామని పొక్కితే మార్కెట్లో పరపతి పోతుంది.

వాస్తవం: మనం దాచామనుకున్నదాంట్లో చాలా భాగం ఇప్పటికే నలుగురికీ అందుబాటులో ఉంటుంది. కంపెనీ తన ఆస్తులను బ్యాంకుకు తనఖా పెడితే ఆ వివరం రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ వద్ద నమోదు కావాలి, దాన్ని ఎవరైనా చూడవచ్చు. వాయిదా తప్పితే ఆ సంగతి అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ వంటి సంస్థల నివేదికలోకి ఎక్కుతుంది, కొత్తగా అప్పు ఇవ్వబోయే బ్యాంకు అక్కడ చూస్తుంది. సరుకు ఇచ్చేవారికైతే ఆ రికార్డులు కూడా అక్కర్లేదు. ముప్పై రోజులకు రావలసిన చెక్కు యాభై రోజులకు వచ్చి, ఆ మధ్యలో మీరు ఫోను ఎత్తకపోతే వారి గుమాస్తాకు సైతం విషయం అర్థమవుతుంది. అప్పు తీర్చడానికి మీరు ఏం ఏర్పాటు చేసుకున్నారన్నది మాత్రం మీరు చెబితే తప్ప వారికి తెలియదు, మీరు చెప్పకపోతే ‘ఐపీ పెట్టబోతున్నాడట’ అన్న పుకారే వారికి సమాచారమవుతుంది. అలాగని ఊరంతా చాటమని నేను అనను, మీ అప్పుతో సంబంధం ఉన్నవారికి చెబితే చాలు.

అపోహ: ఇబ్బందిలో ఉన్నామని ముందే చెబితే బ్యాంకు లోను వెనక్కి లాగేసుకుంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే, కాబట్టి కొంత వివరంగా చెబుతాను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం టర్మ్ లోను వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. అంతకుముందే 30 రోజుల వరకు ఒక దశ, 60 వరకు మరొకటి, 90 వరకు ఇంకొకటి చొప్పున ఎస్ఎంఏ అనే హెచ్చరిక దశలు ఉంటాయి, అంటే మీరు చెప్పినా చెప్పకపోయినా బ్యాంకు కంప్యూటరు మీ జాప్యాన్ని గుర్తిస్తూనే ఉంటుంది. కష్టాల్లో ఉన్న సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈల) పునరుద్ధరణ కోసం కేంద్ర ప్రభుత్వం 2015 మేలో ఒక విధానాన్ని నోటిఫై చేసింది, 2016 మార్చిలో రిజర్వు బ్యాంకు దానిపై బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. 25 కోట్ల రూపాయల వరకు రుణాలున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది, ఇబ్బంది రాబోతోందని అనుమానం కలిగిన యజమాని తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాయిదాల గడువు మార్చడం వంటి మార్గాలను బ్యాంకు కమిటీ పరిశీలిస్తుంది.

ఈ విధానాన్ని బ్యాంకులు పాటించి తీరాలని 2024 ఆగస్టులో ప్రో నిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో యజమాని బాధ్యతనూ గుర్తుచేసింది: ఖాతా ఎన్‌పీఏ కాకముందే తాను ఎంఎస్ఎంఈనని చూపే పత్రాలతో బ్యాంకును అడగాలని, నోరు మెదపకుండా సర్ఫేసీ చట్టం కింద తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే చర్యలన్నీ జరగనిచ్చి చివర్లో ఈ రక్షణ కోరడం కుదరదని స్పష్టం చేసింది. కనుక ఎంఎస్ఎంఈగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్టు, తాజా స్టాక్ స్టేట్‌మెంటు, రావలసిన బాకీల జాబితా, రాబోయే ఆరు నెలల రాబడి-చెల్లింపుల అంచనా పట్టుకుని మొదటి వాయిదా తప్పకముందే మేనేజరును కలవాలి, ఇచ్చిన దరఖాస్తుకు ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. అడిగిన ప్రతివారికీ గడువు దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. సహకరించని శాఖలనూ చూశాను, కానీ ముద్ర పడిన ఆ కాగితం లేకపోతే తర్వాత ఏ న్యాయవాదీ పెద్దగా చేయగలిగింది ఉండదు.

అపోహ: ఇంట్లో చెబితే కంగారు పడతారు, తీరాక చెప్పొచ్చు.

వాస్తవం: చాలా లోన్లలో భార్య గాని, తండ్రి గాని హామీదారుగా సంతకం చేసి ఉంటారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం, కాబట్టి బ్యాంకు ముందు మీ వెంట పడి ఆ తర్వాతే వారి దగ్గరికి రావాలన్న నియమం లేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కదా అన్న ధీమా కూడా వ్యక్తిగత హామీ ఇచ్చిన చోట పనికిరాదు. ఇంట్లోవారికి ఈ సంగతి నోటీసు తెచ్చిన పోస్ట్‌మన్ ద్వారా తెలియడం కంటే మీ నోట వినడం ఎన్నో రెట్లు నయం.

కాఫీ డే వ్యవస్థాపకుడు వీజీ సిద్ధార్థ 2019 జులైలో మరణించినప్పుడు ఆయన రాసినట్టుగా వెలువడిన లేఖలో, తన లావాదేవీలు ఆడిటర్లకు గాని సీనియర్ యాజమాన్యానికి గాని తెలియవని, కుటుంబం సహా అందరి దగ్గరా దాచానని ఉంది. 2019 మార్చిలో సుమారు 7,200 కోట్లు ఉన్న ఆ కంపెనీ అప్పు, ఆస్తులు అమ్మగా, 2021 మార్చి నాటికి 1,800 కోట్ల లోపుకు దిగింది. దానితో కంపెనీ కష్టాలు తీరిపోలేదు, అయినా కొండలా కనిపించిన అప్పులో పెద్ద భాగానికి దారి దొరికింది. నిద్ర పట్టక, బతుకు మీదే విరక్తి కలుగుతున్న స్థితిలో ఉంటే లెక్కల కంటే ముందు 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: ఒక్క అప్పులవాడికి చెబితే అందరూ ఒకేసారి మీద పడతారు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది, ముఖ్యంగా బజారు అప్పుల విషయంలో. అందుకే చెప్పే వరుస ముఖ్యం: ముందు ఇంట్లో, తర్వాత బ్యాంకులో, ఆ తర్వాత సరుకు ఇచ్చేవారికి, నోటు అప్పులవారికి. గట్టిగా అరిచినవాడికి ముందు కట్టి, మర్యాదగా ఊరుకున్నవాడిని పక్కన పెడితే రెండోవాడికి మీ మీద నమ్మకం శాశ్వతంగా పోతుంది. నిలబెట్టుకోలేని తేదీ చెప్పకూడదు, ఆ తేదీ వేసి చెక్కు అసలే ఇవ్వకూడదు. వ్యాపారపు అప్పు తీర్చలేకపోవడం దానంతట అది నేరం కాదు. కానీ బాకీ కింద ఇచ్చిన చెక్కు డబ్బు లేక తిరిగొచ్చి, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు అవుతుంది.

బాకీ ఉన్నట్టు కాగితం మీద రాసివ్వవద్దని కొందరు సలహా ఇస్తారు. ప్రామిసరీ నోటు మీద కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లు, అది తీరకముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది కాబట్టి వారి భయంలో అర్థముంది. అయినా నిజంగా తీర్చదలచినవారికి అదొక బేరసారాల వస్తువు. గడువు దాటిపోతుందన్న కంగారుతో కోర్టుకు వెళ్లబోయే మనిషికి ఆ రాత ఇచ్చి, బదులుగా వడ్డీ తగ్గింపో నెలవారీ వాయిదాలో అడగవచ్చు.

అపోహ: ముందే ఇల్లు భార్య పేర రాసేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: అప్పులవారికి ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని రద్దు చేయమని వారు ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను కింద కోర్టుకు వెళ్లవచ్చు. అంతవరకు మీరు చెప్పిన మాటలన్నీ అబద్ధాలుగా కనిపిస్తాయి.

అపోహ: మనకు రావలసిన బాకీ అడిగితే మన ఇబ్బంది బయటపడుతుంది.

వాస్తవం: నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజులకు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కూడా ఉంది. అలా గడువు దాటిన బాకీని ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు కూడా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొనుగోలుదారుకు లేదు, కాబట్టి మార్చి నెలలో వారి ఆడిటరే మీ బిల్లు గురించి ఆరా తీస్తున్నాడు. ఫిబ్రవరిలోనే ఉద్యమ్ నంబరు వేసిన బిల్లుల పట్టిక పంపండి.