గానుగెద్దు, స్ప్లెండర్, మైలుతుత్తం: ‘డిస్‌ప్లేస్‌మెంట్’ మీద అపోహలు - వాస్తవాలు

ఫిజిక్స్‌లో స్థానభ్రంశం, బైక్ షోరూంలో సీసీ, ఓడలకు టన్నులు, ల్యాబులో ఇనప మేకు మీద పడే ఎర్రపూత, భూసేకరణ కాగితాల్లో నిర్వాసితులు. ఇంగ్లీషులో వీటన్నిటికీ డిస్‌ప్లేస్‌మెంట్ అన్న మాటే వాడతారు. ఒకచోటి అర్థాన్ని ఇంకోచోటికి మోసుకుపోతేనే చిక్కు.

అపోహ: స్థానభ్రంశం సున్నా అయితే చేసిన పనీ సున్నాయే.

ఇంటర్ పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. గానుగెద్దు 3 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందనుకోండి. సగం చుట్టుకు నడక 9.4 మీటర్లు, స్థానభ్రంశం (బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య తిన్నని దూరం) 6 మీటర్లు. చుట్టు పూర్తయ్యేసరికి నడక 18.85 మీటర్లు, స్థానభ్రంశం సున్నా. మరి నూనె ఎలా వచ్చింది? బలాన్ని స్థానభ్రంశంతో నేరుగా గుణించడం బలం పరిమాణం, దిశ రెండూ మారనప్పుడే చెల్లుతుంది. ఎద్దు లాగే దిశ అడుగడుగుకూ మారుతుంది కాబట్టి దారిని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో జరిగిన పనిని కూడాలి. లాగుడు 300 న్యూటన్లయితే చుట్టుకు 5,655 జౌల్స్.

అపోహ: సీసీ ఎక్కువుంటే పవర్ ఎక్కువ.

సీసీ అంటే పిస్టన్ ఒక చివర నుంచి రెండో చివరకు వెళ్తూ ఊడ్చే చోటు, అంతే. 97.2 సీసీ స్ప్లెండర్‌కు బోరు (సిలిండర్ వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 49.5 మి.మీ. సెంటీమీటర్లలోకి మార్చి 0.7854 (పైలో నాలుగో వంతు) × 5 × 5 × 4.95 కట్టండి, 97.2 వస్తుంది. పైన మంట మండే గది ఈ లెక్కలో లేదు. కంప్రెషన్ నిష్పత్తి, అంటే మొత్తం చోటుకూ ఆ గదికీ నిష్పత్తి, 10:1 అనుకుంటే ఆ గది 10.8 సీసీ.

రీబోరు చేయించి (అరిగిన సిలిండర్‌ను కోయించి వెడల్పు చేయించి) 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే లెక్క 99.15కి చేరుతుంది. పెరిగింది రెండు సీసీల చిల్లరే. బండి కొత్తదానిలా లాగుతోందంటే ఆ రెండు సీసీల మహిమ కాదు, అరిగిన సిలిండర్లోంచి జారిపోయిన కంప్రెషన్ తిరిగొచ్చింది. పిస్టన్ రింగును సిలిండర్లో పెట్టి, దాని రెండు కొసల మధ్య గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో కొలవకుండా బిగించనివ్వకండి. గ్యాప్ తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని రింగు విరుగుతుంది, గోడ గీరుకుపోతుంది. మరీ ఎక్కువైతే కంప్రెషన్ మళ్లీ జారిపోతుంది.

ఇక పవర్ సంగతి. 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్‌కు సుమారు 20 హార్స్‌పవర్, 155 సీసీ యమహా ఆర్15కు సుమారు 18. ఆర్15 ఆ పవర్‌ను 10,000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, క్లాసిక్ 6,100 దగ్గరే. కానీ టార్క్ (తిప్పే బలం) చూస్తే క్లాసిక్‌కు 27 న్యూటన్ మీటర్లు, ఆర్15కు 14. ఇద్దరెక్కి ఘాట్ ఎక్కుతుంటే తేడా తెలుస్తుంది.

అపోహ: ఓడ టన్నులంటే మోసే సరుకు.

డిస్‌ప్లేస్‌మెంట్ టన్నులంటే ఓడ పక్కకు నెట్టిన నీటి బరువు. తేలే ఓడకు అది ఆ క్షణాన ఓడ మొత్తం బరువుతో సమానం. సరుకు, ఇంధనం, మనుషులు కలిపి మోయగలిగేది డెడ్‌వెయిట్. గ్రాస్ టన్నేజీ అయితే అసలు బరువే కాదు, లోపలి చోటు కొలత. విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికి నీటిపైన సుమారు 1,950 టన్నులు, మునిగితే సుమారు 2,475. బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వచ్చి చేరితేనే ఆ తేడా.

తేలేది తన బరువంత నీటిని, మునిగేది తన పరిమాణమంత నీటిని నెడుతుంది. కిలో టేకు చెక్క తేలుతూ లీటరు నీటిని నెడితే, కిలో ఇనపగుండు మునిగి నెట్టేది 127 మిల్లీలీటర్లే.

అపోహ: మైలుతుత్తం నీళ్లలో ఇనప మేకు రాగిగా మారుతుంది.

మారదు. ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, రాగి బయటపడి మేకుకు అంటుకుంటుంది. 56 గ్రాముల ఇనుము పోతే 63.5 గ్రాముల రాగి వస్తుంది. అందుకే మైలుతుత్తం, సున్నం కలిపి పంట తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమాన్ని ఇనప డ్రమ్ములో కలపకూడదు. మందులో ఉండాల్సిన రాగి డ్రమ్ము గోడకు పడుతుంది, డ్రమ్మూ తినేస్తుంది. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీళ్లలో, కిలో సున్నాన్ని ఇంకో 50 లీటర్లలో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కరిగించి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి కలియబెడుతూ పోయాలి. తర్వాత మెరిసేలా రుద్దిన కొడవలిని ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రపూత కనిపిస్తే రాగి ఇంకా విడిగా ఉన్నట్టే. సున్నపు నీళ్లు మరికొన్ని పోయండి, లేకుంటే ఆకు మాడుతుంది. కలిపిన రోజే కొట్టేయాలి.

అపోహ: ఎముక జరగలేదన్నారంటే విరగలేదన్నమాట.

విరిగినా ముక్కలు చోటు కదలకపోవచ్చు. ఒక కోణంలో కనిపించని జరుగుడు ఇంకో కోణంలో కనిపిస్తుంది కాబట్టే ఎక్స్‌రే రెండు వైపుల నుంచి తీస్తారు. కీలు తప్పడం మళ్లీ వేరే సంగతి.

అపోహ: భూసేకరణలో పట్టా లేనివాళ్లకు పునరావాస ప్యాకేజీ రాదు.

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తులవాళ్లు కూడా బాధిత కుటుంబాలే. ఊరు వదలాల్సి వచ్చిన కుటుంబం నిర్వాసిత కుటుంబం. దానికి ఏడాదిపాటు నెలకు రూ.3,000, సామాన్ల తరలింపుకు రూ.50,000 చట్టంలోనే రాసి ఉన్నాయి. ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత బాధిత కుటుంబాల సర్వే జరుగుతుంది. ఇంటికొచ్చిన సిబ్బందికి రేషన్ కార్డు, జాబ్ కార్డు, కరెంటు బిల్లు చూపించి పేరు ఎక్కిందో లేదో అక్కడే చూసుకోండి. ఎక్కకపోతే ముసాయిదా పునరావాస పథకంపై జరిగే బహిరంగ విచారణలో అభ్యంతరం రాసిచ్చి, రసీదు అడిగి తీసుకోండి.