గోల్ఫ్ ఆడితే వ్యాయామం చేసినట్టేనా?

18 హోళ్లూ (ఒక్కో హోల్ అంటే బంతిని గుంటలోకి చేర్చాల్సిన ఒక్కో అంచె) నడిచి ఆడితే గోల్ఫ్ వ్యాయామమే, అందులో అనుమానం అక్కర్లేదు. బ్యాటరీ బండెక్కి తిరుగుతూ ఆడితే దాని విలువ బాగా పడిపోతుంది. డ్రైవింగ్ రేంజ్‌లో ఒకేచోట నిలబడి బుట్టెడు బంతులు కొట్టి ఇంటికొచ్చేస్తే అది ఆటకు సాధన అవుతుంది గానీ, గుండెకు పెద్దగా పని పెట్టదు. హైదరాబాద్ గోల్కొండలో నయా ఖిల్లా గోడల పక్కన ఆడినా, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ బండల మధ్య ఆడినా లెక్క ఇదే. ఈ మూడు రకాల ఆటనూ ఒకే గాటన కట్టేసి, 'నేను వారానికోసారి గోల్ఫ్ ఆడతాను, ఇంకేం చేయాలి?' అనుకోవడం దగ్గరే చాలామంది పొరపడుతున్నారు.

వ్యాయామం తీవ్రతను కొలవడానికి శాస్త్రజ్ఞులు 'మెట్' అనే కొలమానం వాడతారు. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి 1 మెట్. 3 నుంచి 6 లోపు ఉంటే మధ్యస్థ వ్యాయామం, 6, అంతకు మించితే తీవ్ర వ్యాయామం. పరిశోధకులు వాడే పట్టిక ప్రకారం బ్యాగు మోస్తూ లేదా ట్రాలీ లాగుతూ నడిచి ఆడే గోల్ఫ్ 4.3 నుంచి 5.3 మెట్లు, బండిలో తిరిగి ఆడేది 3.5, డ్రైవింగ్ రేంజ్ 3. గంటకు ఐదున్నర కిలోమీటర్ల వేగంతో చదునైన దారిలో చేసే చురుకైన నడక కూడా 4.3 దగ్గరే ఉంటుంది. అంటే కేబీఆర్ పార్కులో పొద్దున్నే చకచకా నడిచేవారూ, గోల్ఫ్ కోర్సులో బ్యాగుతో నడిచేవారూ దాదాపు ఒకే కోవలోకి వస్తారు.

అయితే పార్కులో నడక ఏకబిగిన సాగుతుంది. గోల్ఫ్‌లో నడక ఆగుతూ ఆగుతూ సాగుతుంది. ఒక మామూలు పార్-4 హోల్ (నాలుగు దెబ్బల్లో ముగించాల్సినది) తీసుకోండి, పొడవు 350 మీటర్లు అనుకుందాం. టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర నలుగురూ వంతులవారీగా కొట్టేసరికి మూడు నాలుగు నిమిషాలు నిలబడాలి. బంతి 200 మీటర్ల దూరంలో పడితే, నిమిషానికి 100 అడుగులు వేసేవారికి అక్కడికి చేరడానికి సుమారు మూడు నిమిషాలు పడుతుంది. నాడి పెరుగుతుంది, ఊపిరి కాస్త వేగమవుతుంది. మళ్లీ ఆగాలి. ముందున్న జట్టు గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ఖాళీ చేసేదాకా ఎదురుచూడాలి. నాడి దిగిపోతుంది. ఇంకో 130 మీటర్లు నడిచి, గ్రీన్ మీద అయిదారు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, తర్వాతి టీకి వెళ్లాలి. ఇదే వరస 18 సార్లు.

ఇలా ముక్కలుముక్కలుగా నడిస్తే లెక్కలోకి వస్తుందా అన్న సందేహం ఒకప్పుడు సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సూచనల్లో, కనీసం 10 నిమిషాలు ఆపకుండా చేస్తేనే వ్యాయామంగా లెక్కించాలన్న షరతు ఉండేది. ఆ లెక్కన గోల్ఫ్‌లో నడక చాలావరకు కొట్టుకుపోయేది. 2020లో ఆ షరతును తీసేశారు. రెండు నిమిషాల నడకైనా, మూడు నిమిషాల నడకైనా మొత్తంలో కలుస్తుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలన్నది ఆ సంస్థ సూచన. దాంతోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలి. ఈ రెండో వాక్యాన్ని గోల్ఫ్ ఆడేవారు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, దాని సంగతికి తర్వాత వద్దాం.

ఇప్పుడు ఒక రౌండ్ విలువ ఎంతో లెక్క చూద్దాం. స్కోర్‌కార్డులో కోర్సు పొడవు ఆరు కిలోమీటర్ల చిల్లర ఉంటుంది. గ్రీన్ నుంచి తర్వాతి టీకి నడవడం, పొదల్లోకి పోయిన బంతి కోసం వెతకడం కలిపితే అసలు నడక ఎనిమిది కిలోమీటర్లకు తగ్గదు. అడుగులు 11,000 నుంచి 16,000 దాకా పడతాయి. రౌండ్‌కు నాలుగు గంటలు పడితే అందులో నికరమైన నడక దాదాపు రెండు గంటలు. 70 కిలోల మనిషికి ఆ రెండు గంటలు 4.3 మెట్ల చొప్పున 600 కేలరీలు. మిగతా రెండు గంటలు నిలబడటం, వంగడం, కొట్టడం 2 మెట్ల చొప్పున 280. మొత్తం 880. కానీ ఆ నాలుగు గంటలు ఇంట్లో కూర్చున్నా 280 ఖర్చయ్యేవి. అవి తీసేస్తే ఆట వల్ల అదనంగా కరిగింది సుమారు 600 కేలరీలు. చేతి గడియారాలు తరచుగా ఈ తీసివేత చేయకుండా పెద్ద అంకె చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి క్లబ్‌హౌస్‌లో బిర్యానీ, పైన ఒక తీపి లాగిస్తే నడిచిందంతా అక్కడికక్కడే సరి.

నిమిషాల్లో చూస్తే వారానికి ఒక రౌండ్‌తో 120 నిమిషాలు వచ్చినట్టు. కనీస లక్ష్యానికి ఇంకో 30 నిమిషాలు కావాలి. 9 హోళ్లు ఆడి వచ్చేవారికి 60 నిమిషాలే జమ. అదికూడా నడక నిజంగా మధ్యస్థ స్థాయిలో ఉంటేనే. పరీక్షించుకోవడం తేలిక: నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు. హాయిగా పాడగలుగుతున్నారంటే వేగం చాలదు. నిమిషానికి 100 అడుగులకు తగ్గకుండా నడవడం మంచి గుర్తు.

బండి సంగతి వేరు. బండిలో తిరిగితే అడుగులు సగానికి పడిపోతాయి. పట్టికలో 3.5 అని చూసి మధ్యస్థమేగా అని సర్దిచెప్పుకోవడం తేలికే గానీ, ఆ స్థాయి సీట్లో కూర్చున్న నిమిషాలకు వర్తించదు. మోకాళ్ల నొప్పుల వల్ల బండి తప్పనివారు జోడీతో ఒప్పందం చేసుకోవచ్చు: ఒక హోల్ మీరు నడవండి, వారు బండి తోలతారు, తర్వాతి హోల్‌లో తారుమారు. అలా చేస్తే సగానికి పైగా నడక దక్కుతుంది.

మన దగ్గర ఇంకో ప్రత్యేకత కేడీ. 14 కర్రలూ, బంతులూ, గొడుగూ, నీళ్లూ కలిపి పది కిలోలు దాటే బ్యాగు ఆయన మోస్తాడు, మనం చేతులూపుకుంటూ నడుస్తాం. వ్యాయామం లెక్కన ఆ కోర్సులో అందరికంటే ఎక్కువ కష్టపడేది కేడీయే. ఆయన ఉపాధి పోగొట్టమని కాదు. ఆరోగ్యం కోసం ఆడేవారు కనీసం వేగమైనా పెంచుకోవాలి. కేడీ లేకుండా ఆడేటప్పుడు భుజాన మోయడం కన్నా ట్రాలీ మేలు. అదీ వెనక లాక్కుంటూ కాకుండా ముందుకు తోసుకుంటూ వెళ్తే, వెన్ను మెలితిరగకుండా రెండు చేతులకూ బరువు సమంగా పడుతుంది.

ఇక బలం విషయం. బంతిని అంత దూరం కొడుతున్నాం కదా, కండరాలకు అది చాలదా అని అడుగుతారు. చాలదు. 90 దెబ్బల్లో ముగించే ఆటగాడిని తీసుకుంటే అందులో 35 దాకా పుట్టింగే, అంటే గ్రీన్ మీద బంతిని గుంటవైపు మెల్లగా నెట్టేవే. గ్రీన్ చుట్టుపక్కల మెల్లగా కొట్టేవి పోగా, కర్రను బలంగా ఊపి కొట్టే పూర్తి స్వింగులు ఓ 40 ఉంటాయి. ఒక్కో స్వింగు మొదలునుంచి చివరిదాకా ఒకటిన్నర సెకను. అంటే నాలుగు గంటల ఆటలో ఒళ్లంతా శక్తి పెట్టి కదిలేది ఒక్క నిమిషం. పైగా కర్ర బరువు అరకిలో కూడా ఉండదు. కండరం పెరగాలంటే బరువు క్రమంగా పెరుగుతూ పోవాలి, గోల్ఫ్‌లో అది జరగదు. కుడిచేతివాటం వారైతే ఏళ్ల తరబడి ఒకే పక్కకు తిరుగుతుంటారు, రెండో పక్కకు ఆ పని ఉండదు.

అందుకని వారంలో రెండు రోజులు, ఆట లేని రోజుల్లో, ఓ 30 నిమిషాలు బలానికి కేటాయించాలి. జిమ్‌కే వెళ్లాలని లేదు. గుంజీలు, దండీలు (కష్టమైతే గోడకు ఆనుకుని), నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి బరువు లేపడం, బల్ల మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో డంబెల్‌ను నడుము దాకా లాగడం, పక్కకు పడుకుని మోచేతి మీద ఒళ్లు లేపి 20 నుంచి 30 సెకన్లు నిలపడం. మొదటి నాలుగూ 8 నుంచి 12 సార్లు చొప్పున రెండు మూడు విడతలు చాలు. చివరి ఒకటి రెండు సార్లు కష్టంగా లేకపోతే బరువు పెంచాలి. 65 దాటినవారికి ఒంటికాలి మీద నిలబడటం వంటి తూకం సాధన కూడా అవసరం, దానికి వారంలో మూడు రోజులు పెట్టుకోమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఎగుడుదిగుడు గడ్డి మీద నడక ఇందులో కొంత సాయపడుతుంది.

ఈ బలం సాధన వెన్నుకు రక్ష కూడా. సరదాగా గోల్ఫ్ ఆడేవారికి ఎక్కువగా దెబ్బతినేది నడుమే, తర్వాత మోచెయ్యి. కారణం చాలాసార్లు మొదటి టీ దగ్గరే కనిపిస్తుంది. తెల్లవారుజామున లేచి, కూకట్‌పల్లి నుంచో ఉప్పల్ నుంచో గంటసేపు కారు తోలి, దిగుతూనే డ్రైవర్ (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి కర్ర) అందుకుని పూర్తి బలంతో కొడతారు. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి, వంగినప్పుడు వాటి మీద ఒత్తిడి మామూలుకన్నా ఎక్కువ. దానికి తోడు కారులో కూర్చుని తుంటి బిగుసుకుపోయి ఉంటుంది. తుంటి తిరగకపోతే ఆ తిరుగుడంతా నడుము పూసల మీద పడుతుంది. అవి ముందుకూ వెనక్కీ వంగడానికి అనువైనవి, మెలితిరగడానికి కావు.

నివారణకు పది నిమిషాలు చాలు. ముందు మూడు నిమిషాలు వేగంగా నడక. తర్వాత దేన్నైనా పట్టుకుని ఒక్కో కాలు ముందుకూ వెనక్కీ, పక్కలకూ పదేసి ఊపులు. కర్రను భుజాల మీద అడ్డంగా పెట్టుకుని రెండు పక్కలకూ మెల్లగా పదిసార్లు తిరగడం. ఆపైన చిన్న కర్రతో సగం స్వింగులు ఎనిమిది, ఐరన్‌తో (లోహపు పలక తల ఉన్న కర్రతో) ముప్పాతిక స్వింగులు అయిదారు, డ్రైవర్ అన్నిటికన్నా ఆఖరున. బంతిని వంగి తీసేటప్పుడు కూడా నడుము వంచకుండా మోకాలు మడవండి. ఒక రౌండ్‌లో ముప్పై నలభై సార్లు చేసే పని అది.

ఆదివారం ఒక్కరోజే ఆడేవారికి ఫలితం ఉంటుందా? గుండె విషయంలో ఉంటుంది. మణికట్టుకు కదలికల పరికరాలు కట్టుకున్న 89,573 మంది బ్రిటన్ వాసులను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 150 నిమిషాల లక్ష్యం చేరుతూ, అందులో సగమో అంతకు మించో ఒకటి రెండు రోజుల్లో చేసేవారికీ, వారమంతా సర్దుకునేవారికీ గుండెపోటు, పక్షవాతం ముప్పు దాదాపు ఒకేలా తగ్గింది. చక్కెర విషయంలో మాత్రం అలా కాదు. వ్యాయామం తర్వాత ఇన్సులిన్ బాగా పనిచేసే స్థితి ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. ఆదివారం నడక ప్రభావం బుధవారానికి మిగలదు. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వకుండా, మంగళ, గురువారాల్లో అరగంట చొప్పున ఇంటి చుట్టుపక్కలైనా చురుగ్గా నడవండి.

గోల్ఫర్లు ఎక్కువకాలం బతుకుతారన్న వార్త తరచుగా కనిపిస్తుంది. దాని మూలం స్వీడన్‌లో మూడు లక్షలమందికి పైగా రిజిస్టర్డ్ గోల్ఫర్ల మీద జరిగిన అధ్యయనం. వయసు, సామాజిక స్థితి సరిపోల్చి చూసినా వారి మరణాల రేటు 40 శాతం తక్కువగా తేలింది. అయినా ఆరోగ్యం బాగున్నవారే ఆటకు వస్తారన్న చిక్కు అందులో పూర్తిగా పోలేదు. మన నగరంలో గోల్ఫ్ క్లబ్ సభ్యత్వం ఎవరికి అందుతుందో తెలిసిందే కాబట్టి ఆ 40 శాతాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదు. నాకు అంతకన్నా నమ్మకంగా అనిపించేది 2000లో వచ్చిన ఫిన్లాండ్ అధ్యయనం. వ్యాయామం అలవాటు లేని 48–64 ఏళ్ల మగవారు 20 వారాలపాటు వారానికి రెండు మూడుసార్లు నడిచి ఆడితే, ఆడనివారితో పోల్చినప్పుడు బరువూ, నడుము చుట్టుకొలతా తగ్గాయి, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. వారానికి రెండు మూడుసార్లు అన్నదీ, నడిచి అన్నదీ మరిచిపోవద్దు.

హైదరాబాద్ ఎండల సంగతి చెప్పకుండా ఈ లెక్కలకు అర్థం లేదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారగానే మొదలుపెట్టినా 18 హోళ్లు ముగిసేసరికి పది దాటుతుంది. ఆ రెండు నెలలూ 9 హోళ్లతో ఆపేసి మిగతా నడక సాయంత్రానికి పెట్టుకోవడం తెలివైన పని. ప్రతి 15–20 నిమిషాలకూ గ్లాసులో ముప్పాతిక, అంటే 150 నుంచి 200 మిల్లీలీటర్లు తాగాలి. రెండు గంటలు దాటితే ఉత్త నీళ్లు చాలవు, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్ నీళ్లో ఉండాలి. ఆటకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. 70 కిలోల మనిషి కిలో 400 గ్రాములు తగ్గితే, ఒంటి బరువులో రెండు శాతం మేర నీరు పోయినట్టు, తాగింది చాలలేదని అర్థం. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఇంకా రెండు హోళ్లేగా అని సాగదీయకుండా అక్కడే ఆపేసి నీడకు చేరాలి. ఎండాకాలం చివర్లో ఉరుములతో వానలొస్తాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపే ఉంటే కర్రలు వదిలేసి భవనంలోకి వెళ్లాలి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం వెళ్లకూడదు. ఆఖరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగి గానీ బయటికి రావద్దు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు నాలుగు గంటల నడకను తేలిగ్గా తీసుకోకూడదు. పొద్దున్న మాత్ర వేసుకుని, టిఫిన్ ఆట అయ్యాక తినొచ్చులే అనుకుంటే పదో హోల్ దగ్గర చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలవుతుంది. దాన్ని ఎండ దెబ్బ అనుకుని నీళ్లు మాత్రమే తాగితే పరిస్థితి ముదురుతుంది. ఆట ఉన్న రోజు మోతాదు ఎలా ఉండాలో డాక్టర్‌ని ముందే అడగండి. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలైనా తినండి. బ్యాగు పక్క జేబులో గ్లూకోమీటరు, గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. చక్కెర 70 లోపుంటే మూడు చెంచాల పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలు కూర్చుని మళ్లీ చూసుకోండి. ఇంకా 70 దాటకపోతే మరో మూడు చెంచాలు తాగాలి. పొడి ఎక్కడుందో కేడీకీ, జోడీకీ మొదటి టీ దగ్గరే చెప్పి ఉంచండి.