హోమర్ కావ్యాలు, హీబ్రూ లేఖనాలు: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరిట నిలిచిన ఇలియడ్, ఒడిస్సీలను ఒక పక్క, క్రైస్తవులు పాత నిబంధన అని పిలుచుకునే హీబ్రూ లేఖనాలను ఇంకో పక్క పెట్టి చదివించడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. వాటిలో కొన్ని పెద్ద పండితుల దగ్గర పుట్టి, నోళ్లలో నాని అరిగిపోయినవి.

అపోహ: ఆదికాండము కూడా ఇలియడ్ లాంటి మహాకావ్యమే.

ఇలా అనుకోవడానికి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. తెలుగు బైబిల్‌లో మొదటి ఐదు గ్రంథాల పేర్లూ ‘కాండము’తోనే ముగుస్తాయి. బాలకాండ, సుందరకాండ వింటూ పెరిగిన చెవికి ఆదికాండము అనగానే కావ్యమనే తోస్తుంది. హీబ్రూలో మాత్రం ఆ గ్రంథం పేరు ‘బెరేషీత్’. అది అందులోని మొట్టమొదటి మాట. అక్కడ కథ నడిచేది వచనంలో.

ఇది చిన్న తేడా కాదు. ఇలియడ్‌లో 15,000 పైచిలుకు పాదాలున్నాయి, మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఛందస్సు. సిరియా తీరంలోని ఉగరిట్‌లో 1929లో తవ్వకాలు మొదలయ్యాక, హీబ్రూకు దగ్గరి చుట్టమైన భాషలో దేవతల కథలు, రాజుల కథలు బయటపడ్డాయి. అవీ పద్యాలే. పొరుగున కథ అంటే పద్యంగా ఉన్న చోట హీబ్రూ రచయితలు వచనాన్ని పట్టుకున్నారు. పద్యాన్ని పాటకు, విలాపానికి, ప్రవచనానికి ఉంచుకున్నారు. ఇశ్రాయేలీయులు సముద్రం దాటిన కథ (నిర్గమకాండము 14) వచనం, దాటాక పాడిన పాట (15) పద్యం. ఈ రెండు సాహిత్యాల మధ్య అన్నిటికంటే పెద్ద తేడా ఇదేనని నా నమ్మకం.

అపోహ: హోమర్ అన్నీ చెప్పేస్తాడు, బైబిల్ అన్నీ దాచేస్తుంది.

దీని వెనక ఎరిక్ ఔర్‌బాఖ్ ఉన్నాడు. నాజీల కాలంలో జర్మనీలో ఉద్యోగం పోగొట్టుకుని ఇస్తాంబుల్‌లో తలదాచుకున్న యూదు పండితుడాయన. అక్కడ రాసి 1946లో అచ్చువేసిన పుస్తకం మొదటి వ్యాసంలో రెండు ఘట్టాలను పోల్చాడు. ఒకటి ఒడిస్సీ 19వ సర్గ. ముసలి దాది యూరిక్లియా పరదేశి కాళ్లు కడుగుతూ తొడ మీది మచ్చ తడిమి, ఇతను మారువేషంలో తిరిగొచ్చిన తన యజమాని, కావ్య నాయకుడు ఒడిస్సియసేనని గుర్తుపడుతుంది. ఆ క్షణంలో హోమర్ కథ ఆపి, పర్నాసస్ కొండ మీద అడవిపంది వేటలో ఆ మచ్చ ఎలా పడిందో 70కి పైగా పాదాల్లో చెబుతాడు. ఆ తర్వాతే ఆమె చేతిలోంచి కాలు జారి పళ్లెంలో పడుతుంది, నీళ్లు ఒలికిపోతాయి.

రెండోది ఆదికాండము 22. కొడుకును బలి ఇవ్వమని దేవుడు అబ్రాహాముతో అంటాడు. మూడు రోజుల ప్రయాణం. దారి ఎలా ఉందో, తండ్రి మనసులో ఏముందో ఒక్క ముక్క ఉండదు.

ఆ పరిశీలన గొప్పది. కానీ దాన్ని సూత్రంగా బట్టీపట్టి మొత్తం సాహిత్యానికి అంటించడంతోనే చిక్కు వస్తుంది. ఒడిస్సీ 11వ సర్గలో చనిపోయినవాళ్ల లోకానికి వెళ్లిన ఒడిస్సియస్ ట్రాయ్ యుద్ధంలో తన తోటి వీరుడైన, తన మీద కోపంతో ఉన్న అజాక్స్‌ను బతిమాలతాడు. అజాక్స్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోతాడు. హోమర్‌కు దాచడం తెలుసు. ఇటు చూస్తే, మొదటి సమూయేలు 17లో దావీదు ఎదిరించిన మహాకాయుడు గొల్యాతు శిరస్త్రాణం, కవచం, కాళ్లకు కట్టిన ఇత్తడి తొడుగులు, ఈటె ములికి బరువుతో సహా అన్నీ వరసగా చెబుతారు. ఇలియడ్‌లో వీరులు ఆయుధాలు తొడుక్కునే ఘట్టాలు చదివినవారికి ఈ భాగం చాలా తెలిసినట్టు అనిపిస్తుంది.

ఆదికాండము 22 దగ్గర ఇంకో సంగతి చెప్పాలి. అబ్రాహామును ముగ్గురు పిలుస్తారు: మొదట దేవుడు, దారిలో కొడుకు, చివర దూత. ముగ్గురికీ అతను ఇచ్చే జవాబు హీబ్రూలో ఒకే మాటతో మొదలవుతుంది: ‘హిన్నేని’, అంటే ‘ఇదిగో నేను’. మనం ఎక్కువగా చదివే తెలుగు బైబిల్‌లో దేవుడికీ దూతకూ ‘చిత్తము ప్రభువా’, కొడుక్కి మాత్రం ‘ఏమి నా కుమారుడా’ అని ఉంటుంది. తెలుగు చెవికి అది సహజమే, ఆ అనువాదకులను నేను తప్పుపట్టను. అయినా చంపమన్నవాడికీ, చావబోతున్నవాడికీ ఒకే మాట ఇచ్చాడన్న సంగతి అక్కడ మాయమైపోతుంది. కథ దాచిందనుకున్న మనసు ఆ ఒక్క మాటలో ఉంది. పాఠం చెప్పేటప్పుడు ఇక్కడ నేను కాసేపు ఆగిపోతాను.

అపోహ: ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం చేతగానితనం.

ఇలియడ్ మొదటి సర్గలో గ్రీకుల మహావీరుడు అకిలీస్ అలిగి ఓడల దగ్గర కూర్చుని ఉంటాడు. అప్పుడు కూడా హోమర్ అతన్ని ‘వేగపాదుడు’ అనే అంటాడు. మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు 1933 నుంచి 1935 వరకు యుగోస్లావియాలో తిరిగి, చదువురాని కథాగాయకుల పాటలు రికార్డు చేశాడు. ఛందస్సుకు సరిపోయే ఇలాంటి మాటలు సిద్ధంగా ఉంటేనే గాయకుడు అప్పటికప్పుడు వేల పాదాలు కట్టగలడని ఆయన కృషి వల్ల అర్థమైంది. హీబ్రూ వచనంలో పునరుక్తి పని వేరు. పైన చూసిన ‘హిన్నేని’ లాగా, అక్కడ మాట తిరిగి వచ్చిందంటే పాత సందర్భాన్ని గుర్తుచేయడానికే.

అపోహ: ఇలియడ్, ఒడిస్సీలు గ్రీకుల బైబిల్.

పిల్లలు వాటిని కంఠస్థం చేసేవారు, పెద్దలు మాటకు ముందు ఉదహరించేవారు. అంతవరకు నిజం. కానీ ఆ కావ్యాలు ధర్మశాస్త్రం కావు. తన ఆదర్శ నగరంలోకి హోమర్‌ను రానివ్వనని ప్లేటో రాయగలిగాడు.

అపోహ: ఇవి ఒకదానికొకటి సంబంధమే లేని రెండు లోకాలు.

గ్రీకు ‘ఆల్ఫా, బీటా’లకు గ్రీకులో అర్థం లేదు. హీబ్రూలో ‘ఆలెఫ్’ అంటే ఎద్దు, ‘బేత్’ అంటే ఇల్లు. రెండు లిపులకూ మూలం ఇవాళ్టి లెబనాన్ తీరంలో ఉండిన ఫీనీషియన్ల అక్షరాలే. లాంజైనస్ పేరిట నిలిచిన ప్రాచీన గ్రీకు విమర్శ గ్రంథంలో అజాక్స్ మౌనాన్ని మెచ్చుకున్న అధ్యాయంలోనే ‘వెలుగు కలుగును గాక’ అన్న ఆదికాండము మాటను కూడా ఔన్నత్యానికి ఉదాహరణగా ఇచ్చారు.

అపోహ: గ్రీకు వీరులు ఏడుస్తారు, బైబిల్ మనుషులు భావాలు లేని బొమ్మలు.

ఇలియడ్ చివరి సర్గ, రెండో సమూయేలు 18 ఒకే రోజు చదవండి. ట్రాయ్ రాజు ప్రియమ్ తన కొడుకును చంపిన అకిలీస్ చేతులు ముద్దు పెట్టుకుని, నీ తండ్రిని తలుచుకోమని వేడుకుంటాడు. ఆ దుఃఖానికి మాటలు దొరికాయి. ఇశ్రాయేలు రాజు దావీదు స్వయంగా కవి. తనకు ముందు రాజైన సౌలు, అతని కొడుకు యోనాతాను చనిపోయినప్పుడు చక్కటి విలాపగీతం కట్టాడు. కొడుకు అబ్షాలోము చనిపోయాడని తెలిసిన రోజు పాట రాలేదు. నీకు బదులు నేను చనిపోయినా బాగుండేదని ఏడుస్తాడు. హీబ్రూలో ఆ ఒక్క వాక్యంలో ‘బెని’, అంటే ‘నా కుమారుడా’ అన్న పిలుపు ఐదుసార్లు వస్తుంది.