జిలెటిన్‌లో పత్తి

బండ పగలగొట్టడం పాలమూరు కూలీలకు తాతల నాటి పని. దేశంలో ఎక్కడ డ్యామ్ కడుతున్నా, కాలువ తవ్వుతున్నా అక్కడ వాళ్లుండేవారు. నల్లగొండలో బావి తవ్వుతుంటే అడుగున బండ తగిలిందా, రైతు మందు పెట్టేవాళ్ల కోసం బయల్దేరాల్సిందే. రంధ్రం వేసి, మందు కూరి, వైరు లాగి, అందరూ దూరం జరిగాక పేలుస్తారు. ఆ మందు కడ్డీకి ఇక్కడి పేరు జిలెటిన్. ఆ పేరు పుట్టుకలో మన చేలల్లో కాసే పత్తి ఉంది.

1845లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త వంటింట్లో ప్రయోగం చేస్తుంటే నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు ఒలికాయట. చేతికందిన భార్య నూలు ఏప్రన్‌తో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేశాడు. ఆరీ ఆరగానే భగ్గుమని మాయమైంది. ఏప్రన్ సంగతి కొంత కథే కావచ్చు, 1846లో ఆయన పేలే పత్తిని లోకానికి ప్రకటించిన మాట మాత్రం నిజం.

మామూలు దూది కాలాలంటే బయటి గాలి కావాలి. ఆమ్లాల్లో నానిన దూదికి ఆ అవసరం తక్కువ, మండటానికి కావలసిన ఆక్సిజన్ పోగులోనే చేరిపోతుంది. చూపుకు, చేతికి మాత్రం అదే దూది. నాకైతే అసలు భయం అక్కడే.

1847లోనే ఇంగ్లండ్‌లోని ఫావర్‌షామ్‌లో ఆ పత్తి ఫ్యాక్టరీ పేలి పనివాళ్లు చనిపోయారు. పత్తి పోగు గొట్టంలా బోలుగా ఉంటుంది, లోపల దాక్కున్న ఆమ్లం ఎంత కడిగినా పోదు. దాన్ని గుజ్జుగా నూరి కడగాలని ఏబెల్ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త 1865లో చూపించాకే ఆ ఆమ్లాన్ని బాగా వదిలించడం కుదిరింది.

అదే 1847లో ఇటలీలో సొబ్రేరో, సబ్బుల తయారీలో మిగిలే గ్లిజరిన్‌ను అవే ఆమ్లాలతో కలిపాడు. నైట్రోగ్లిజరిన్ పుట్టింది, ఆయన మొహానికి గాయాలూ మిగిలాయి. 1864లో ఆ ద్రవమే పేలి ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. నోబెల్ దాన్ని మట్టిలో ఇంకించి 1867లో డైనమైట్ చేశాడు. ఓసారి వేలు తెగితే, ఆమ్లంలో నానిన పత్తితో చేసిన, గాయాలకు పూసే కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసుకున్నాడని, ఆ నొప్పికి నిద్రపట్టక దాన్నే నైట్రోగ్లిజరిన్‌లో కలిపి చూశాడని చెబుతారు. 1875 నాటికి జావలాంటి ముద్ద తయారైంది. అదే జిలెటిన్.

ఇప్పుడు క్వారీల్లో వాడేది ఎక్కువగా ఎమల్షన్ రకం. అమ్మోనియం నైట్రేట్ నీళ్లు, నూనె కలిపి చేస్తారు. అందులో పత్తీ ఉండదు, గ్లిజరినూ ఉండదు. అయినా మనవాళ్లు జిలెటిన్ అనే అంటారు.